అట్టపెట్టె నాన్న

మా అమ్మాయికి అన్నం తినిపించడానికి నేనొక అబద్ధం ఆడాను. అది ఎంతదూరం వెళ్లిందో ఎవరికైనా చెప్పుకోవాలని ఇన్నేళ్లుగా అనుకుంటూ, సిగ్గుపడి ఊరుకుంటున్నాను. నేను ఎలిమెంటరీ స్కూలు టీచరుని. అబద్ధం ఆడరాదు అని ఎంతమంది పిల్లల చేత పలకల మీద రాయించానో లెక్కలేదు. చెప్పేటందుకే నీతులన్నమాట.

ఎనభైల నాటి సంగతి. ఉప్పలగుప్తం దగ్గర చిన్న ఊళ్లో పెంకుటిల్లు మాది. మావారు గల్ఫ్‌లో పనిచేసేవారు. మా చర్చి వీధిలో దాదాపు ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు అక్కడే ఉండేవారు. మొదటి రెండేళ్లూ పూర్తిచేసుకుని ఆయన ఒకసారి సెలవుకి వచ్చి వెళ్లారు. వెళ్లాక తెలిసింది నాకు నెల తప్పిందని. అప్పటికి ఆరేళ్లవాడైన మా అబ్బాయికి నాన్న ముఖం తెలుసు. కడుపులో ఉన్నదానికి తెలియదు. మళ్లీ రెండేళ్లకి వస్తానన్న మనిషికి కంపెనీ మారి, కాగితాలు చిక్కుపడి, దాదాపు అయిదేళ్లు పట్టింది. అసలు వెళ్లమని ఆయన్ని వేధించింది కూడా నేనే. పెంకులు తీయించి డాబా పోయించాలని నా పంతం. పక్కవాళ్లకి డాబా లేచేసరికి నాకు కంటిమీద కునుకు లేకుండా పోయింది.

అప్పట్లో ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువ. ఆయన అక్కడ కూచుని మాటలు రికార్డు చేసి, సెలవు మీద వచ్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికిచ్చి పంపేవారు. నేను, మా అత్తగారు, పిల్లలిద్దరూ టేప్‌రికార్డరు చుట్టూ చాప మీద కూచుని వినేవాళ్లం. మా అమ్మాయికి ఇదంతా అయోమయంగా ఉండేది. గోడమీద ఫొటోలో మీసాలాయన ఉన్నాడు, ఆయన మాట్లాడడు. టేప్‌రికార్డరులో మాట్లాడే ఆయనకి ముఖం లేదు. ఇద్దరినీ నాన్నే అంటాం. ఆ వయసులో అది ఎలా కలుపుకుంటుంది?

దానికి మూడేళ్లు నిండేటప్పుడు ఒక క్యాసెట్టుతో పాటు చేతిలో పట్టే వీడియో గేమ్ ఒకటి వచ్చింది. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత ఉంటుంది. చిన్న గాజు కిటికీలో నల్లటి మనిషి. కళ్లూ ముక్కూ లేని గుండ్రటి తల, మెడ లేదు, డబ్బాలాంటి ఒళ్లు, చేతుల్లో బుట్ట. పైనుంచి గుండ్రటివేవో రాలుతుంటాయి. మీటలు నొక్కి ఆ మనిషిని అటూ ఇటూ పరిగెత్తించి వాటిని బుట్టలో పట్టించాలి. మూడు జారిపోతే ఆట అయిపోయినట్టు. మా అబ్బాయి వాటిని కొబ్బరికాయలన్నాడు కాబట్టి అవి కొబ్బరికాయలే అయ్యాయి.

అమ్మాయి అన్నం దగ్గర మహా మొండి. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూచునేది. నాకేమో స్కూలుకి టైమైపోయేది. ఒకరోజు విసుగెత్తి ఆ గేమ్ దాని ముందు పెట్టి, "అదిగో, మీ నాన్నగారు చూడు. పైనుంచి పడేవన్నీ నీకోసమే పట్టుకుంటున్నారు. నువ్వు మింగితే ఇంకోటి పట్టుకుంటారు" అన్నాను. టక్కున మింగింది. కంచం ఖాళీ అయింది.

మర్నాడూ అదే. ఏడాదిపాటు అదే. నాన్నకి ముఖం దొరికింది, అంటే ముఖం లేని ముఖం. కాయ జారితే అమ్మాయి "అయ్యో నాన్నా" అని జాలిపడేది, పట్టుకుంటే చప్పట్లు కొట్టేది. ఊళ్లో ఎవరైనా మీ నాన్నెక్కడమ్మా అంటే గౌనుజేబులోంచి తీసి చూపించేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వాను.

తర్వాత ఒకరోజు బ్యాటరీ అయిపోయి గాజు తెల్లబడిపోయింది. చొక్కా గుండీ అంత బ్యాటరీ అది. అమలాపురంలో వాచీలు బాగుచేసే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సైజు మన దగ్గరికి రాదండి" అనేశాడు. నాన్న ఏడీ అని అడిగితే డ్యూటీకి వెళ్లారని చెప్పాను. రెండ్రోజులు నమ్మింది. మూడోరోజునుంచి అన్నం మానేసింది. పాలు తప్ప ఏమీ దిగేది కాదు, జ్వరం కూడా తగిలింది.

అడుసు తొక్కింది నేను. కాలు కడిగే ఉపాయం మా అబ్బాయికి తట్టింది. వాడికప్పుడు పదేళ్లు. "అమ్మా, ఆ మనిషిని మనం అట్టతో చేద్దాం. నేను లోపల దూరతాను" అన్నాడు.

మా ఊళ్లో అప్పుడు అట్ట దొరకడం అంత తేలిక కాదు. కిరాణాకొట్టులో సబ్బుల పెట్టెలున్నా అవి పిల్లి దూరేటంత. పెద్ద అట్టపెట్టె కావాలంటే గల్ఫ్ నుంచి వచ్చిందే కావాలి. మా అటకమీద ఒకటుంది. ఆయన మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు సామాను తెచ్చుకున్న పెట్టె. దానిమీద లావుపాటి నీలం పెన్నుతో ఆయన పేరు, ఊరు, జిల్లా, ఆయన చేత్తోనే రాసినవి. దుప్పట్లు దాచేదాన్ని అందులో. కిందకి దింపగానే మా అత్తగారు అడ్డం వచ్చేశారు.

"వాడి పేరున్న పెట్టె కొయ్యకండర్రా. మంచిది కాదు" అన్నారు.

"పిల్ల ఎండిపోతోందండి" అన్నాను.

ఆవిడ పక్కకి తప్పుకున్నారు. పేరు తెగకుండా చూస్తానని మాటిచ్చి, పెట్టెని విప్పి లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి కుట్టాను. పేరు లోపలికి వెళ్లింది. కత్తిపీట మీద అట్ట కోస్తుంటే కొబ్బరిపీచు కోసినట్టు రజను రాలింది. అబ్బాయి స్కూలు స్కేలుతో కొలిచి, చేతులకి రెండు కన్నాలు, చూసేందుకు సన్నటి చీలిక గీశాడు. తలకి విస్తరంత గుండ్రటి అట్ట కోసి, దబ్బనంతో పురికొస ఎక్కించి పెట్టె పైభాగాన బిగించాం. అతుకుల మీద మైదా ఉడికించిన జిగురుతో పాత పరీక్ష పేపర్లు అంటించాను. మూడో తరగతి పిల్లల తప్పులన్నీ ఆయన భుజాల మీద చేరాయి.

నలుపు కావాలి. రంగు కొనే పని లేదు, మా స్కూల్లో నల్లబల్లకి రాసేదే రాశాం. బొగ్గులు మెత్తగా నూరి, దొండాకు పసరుతో కలిపి, గుడ్డతో రుద్దడం. మా స్కూల్లో ప్రతి శనివారం పిల్లలు చేసే పనే అది. జ్వరం తగ్గీ తగ్గని పిల్ల లేచొచ్చి తనూ ఒక గుడ్డముక్క పట్టుకుంది. అన్న పైన, చెల్లి కింద. సాయంత్రానికి ఇద్దరూ బొగ్గుబస్తాలోంచి లేచినవాళ్లలా తయారయ్యారు. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు ఎప్పుడు విన్నానో గుర్తులేదు.

నాకు ఊరికే ఉండబుద్ధి కాక, ఆ గుండ్రటి తల మీద సుద్దతో రెండు కళ్లు, ఫొటోలో ఉన్నట్టు మీసాలు గీశాను. మా అమ్మాయి దగ్గరికొచ్చి అరచేత్తో తుడిచేసింది.

"నాన్నకి మీసాల్లేవు" అంది.

అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

మర్నాడు అబ్బాయి పెట్టె తొడుక్కుని, తాటాకు బుట్ట పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. అమ్మాయి చెట్లకింద రాలిన కొబ్బరి పిందెలు ఏరుకొచ్చి విసిరింది. వాడు అటూ ఇటూ పరిగెత్తి పట్టాడు, నోటితో టిక్ టిక్ అన్నాడు. మూడు జారవిడిచి దబ్బున కూలబడ్డాడు. అది పకపకా నవ్వి అన్నం మొత్తం తినేసింది. నేను దేవునికి స్తోత్రం అనుకుని స్కూలుకి పోయాను. ఆ పెట్టెకి మా ఇంట్లో పేరు పడిపోయింది, నాన్న.

ఆ డిసెంబరులోనే ఆయన వచ్చారు. రాజమండ్రిలో రైలు దిగి, టాక్సీలో జొన్నాడ మీదుగా వచ్చారు. వీధి వీధంతా మా గుమ్మంలోనే ఉంది. అబ్బాయి ఒక్క ఉరుకున వెళ్లి ఆయన నడుం పట్టుకున్నాడు. ఆయన కళ్లు మాత్రం రెండోదాన్ని వెతుకుతున్నాయి. పుట్టినప్పటినుంచీ ఫొటోల్లోనే చూసిన పిల్ల. అదేమో అరుగు మూల పెట్టె వెనక నక్కి, ఒక్క కన్ను బయటపెట్టి చూస్తోంది.

ఆయన దాని ముందు గొంతుక్కూచుని, "అమ్మలూ, నేనమ్మా, నాన్నని" అన్నారు.

వచ్చినవాళ్లని మర్యాదగా పలకరించాలని నేర్పాను కదా. అది బయటికొచ్చి చేతులు కట్టుకుని, "ఎప్పుడొచ్చేరండి? మళ్లీ ఎప్పుడెళ్తారండి?" అని అడిగింది.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వు ఎంతసేపు నిలబెట్టుకోవాలో తెలియక ఆయన ముఖం పడిన అవస్థ నేను చూశాను.

సెలవు నలభై అయిదు రోజులు. మొదటి వారమంతా ఆయన చెయ్యని పని లేదు. బొమ్మలిచ్చారు, కాలవగట్టు మీద భుజానెక్కించుకుని తిప్పుతానన్నారు, క్యాసెట్టులో మాట్లాడినట్టే మాట్లాడి చూపించారు. అది అన్నీ తీసుకుని, "థాంక్సండి" అనేది. భుజం మాత్రం ఎక్కేది కాదు. క్రిస్మస్ రోజున చర్చిలో ఆయన పక్కన కూచోమంటే నా ఒళ్లో దూరి, "ఆ గల్ఫ్ ఆయన పక్కన నేను కూచోను" అని చెవిలో చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనకి నా అబద్ధం సంగతంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కంచంలో చెయ్యి అలా ఉంచి, "పోన్లే, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల వేళకి అరుగు మీదికి వస్తే పెట్టె పీట మీద కూచుని ఉంది. అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. పెట్టె కన్నాల్లోంచి పెద్ద చేతులు, కింద పెద్ద కాళ్లు. అమ్మాయి అన్నం గిన్నె పట్టుకుని దగ్గరికెళ్లి కాసేపు చూసింది. తర్వాత ఆ కాళ్ల దగ్గర చతికిలబడి, "నాన్నా, ఇవాళ పప్పుచారు" అంది.

పెట్టె కాస్త ముందుకి వంగింది. తర్వాత, "ఆయ్, చాలా బాగుందమ్మా" అంది.

తిన్నాక అది ఆడుకోవడానికి వెళ్లింది. ఆయన పెట్టె తీశారు. ముఖమంతా చెమటా బొగ్గూ, చెంపలమీద చారలు. "లోపల ఉక్కగా ఉంది" అన్నారు. నేను తుడుస్తుంటే, "లోపల నా పేరుంది. దాన్నే చదువుకుంటూ కూచున్నాను" అన్నారు. నేనిక తుడవలేకపోయాను.

అప్పటినుంచి మూడు పూటలా అదే. ఆయనకి ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. అక్కడ పనిలో ఇనుప చట్రం ఏదో పడి ఊడిపోయింది. పిల్ల ఆ వేలు చూసి, "నాన్నా, గోరేదీ?" అని అడిగింది. "ఒక కాయ పట్టుకోలేకపోయేనమ్మా, జారి కాలిమీద పడింది" అన్నారు లోపల్నుంచి. అది ఆ వేలు ఊదింది. తర్వాత రోజూ అన్నం తినేముందు ఊదేది. ఆ వేలుమీద చెయ్యి వేసుకునే తినేది.

నాకు మాత్రం ఒళ్లు మండేది. "అట్టపెట్టె తీసి అవతల పారేసి, నేనే మీ నాన్ననని చెప్పండి" అని పోట్లాడాను. ఒకసారి ఆయన పిల్ల ముందే పెట్టెని మెల్లగా పైకెత్తబోయారు. అది కెవ్వున అరిచి రెండు చేతులతో మళ్లీ కిందకి లాగింది. ఆ తర్వాత ఆయన ప్రయత్నించలేదు. "ఉండనీ. ఎలాగో ఒకలా పిలుస్తోంది కదా" అన్నారు. బస్తీల్లో సవతులతో వేగేవాళ్ల కథలు విన్నాను గానీ, అట్టపెట్టెతో వేగాల్సొస్తుందని ఎవరనుకున్నారు.

నలభై అయిదు రోజులూ అయిపోయాయి. పొద్దున్నే టాక్సీ వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్లారు. ఆయన తెల్లచొక్కా, బూట్లు వేసుకుని తయారయ్యారు. అబ్బాయి ఏడుస్తున్నాడు. అమ్మాయి అరుగు మూల పెట్టె పక్కన కూచుని, దానికి ఆనుకుని, ఆయన్ని చూసి చెయ్యి ఊపింది. "వెళ్లిరండి, టాటా" అంది. ఏ చుట్టం వెళ్తున్నా అలాగే అనేది.

ఆయన దాని తలమీద చెయ్యి పెట్టి, తర్వాత ఎందుకో పెట్టె మీద కూడా పెట్టారు. తెల్లచొక్కా చేతికి నల్లటి మరక అంటింది. మార్చుకోండన్నాను. "ఉండనీ" అన్నారు.

మధ్యాహ్నం అన్నాలవేళ అబ్బాయి కళ్లు తుడుచుకుని, అలవాటు ప్రకారం పెట్టె తొడుక్కుని పీట మీద కూచున్నాడు. అమ్మాయి గిన్నెతో వచ్చి చతికిలబడింది. ఊదడానికి వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది.

"గోరుంది" అంది.

మరో కాలు చూసింది. పెట్టె అంచు పట్టుకుని పైకెత్తి అన్న ముఖం చూసింది. "నువ్వు కాదు. నాన్న కాళ్లేవీ?" అంది. పెట్టె వెనక చూసింది, తలుపు వెనక చూసింది. మంచం కింద చూసింది. అప్పుడు తెలిసింది దానికి, పొద్దున్న బూట్లు వేసుకుని టాక్సీ ఎక్కినదెవరో. వీధిలోకి పరిగెత్తింది. కాలవగట్టు దాకా వెళ్లిపోయింది. నేను పట్టుకుని ఎత్తుకొస్తుంటే నా భుజం కొరుకుతూ "నాన్నా, నాన్నా" అని అరిచింది. అప్పటికి ఆయన రాజమండ్రిలో రైలు కూడా ఎక్కి ఉండరు. కానీ ఆయన్ని వెనక్కి పిలవడానికి నా దగ్గరేముంది?

సాయంత్రమైనా ఆ ఏడుపు ఆగలేదు. నేను టేప్‌రికార్డరులో కొత్త క్యాసెట్టు పెట్టి మీట నొక్కాను. "గోరు లేని నాన్న కావాలి" అని అది ఏడుస్తూ అడగడం మొత్తం ఎక్కింది. ఆయనకి పంపిద్దామనే. మూడు పూటలా పెట్టెలో ఉక్కకి ఉడికిపోయిన మనిషి, తన కూతురు తనని గుర్తుపట్టిందని వినాలి కదా.

పంపలేదు. మా అత్తగారు వద్దన్నారు. "అది విన్నాడంటే వాడక్కడ ఒక్కరోజు ఉండడే" అన్నారు. ఆవిణ్ణి అడ్డం పెట్టుకోను, నాకూ అదే తోచింది. డాబాకి పునాదులు లేచాయి, స్లాబు పడలేదు. ఆయన వదిలేసి వచ్చేస్తారని భయపడ్డాను. వచ్చాక వినిపిద్దాంలే అని క్యాసెట్టు ట్రంకుపెట్టె అడుగున పెట్టి, అమ్మాయి చేత పద్యం చెప్పించి ఇంకో క్యాసెట్టు పంపాను.

ఆయన జవాబు క్యాసెట్టులో చివర్న గొంతు తగ్గించి ఇలా అడిగారు. "అమ్మలు పెట్టెతో ఆడుకుంటోందా? వానల్లో తడవనీకండి. నేను వెళ్లాక ఎప్పుడైనా నాకోసం చూసిందా?"

బాగానే ఉందండి, పిల్లలు కదా, త్వరగా మర్చిపోతారు. ఇదీ నేనిచ్చిన జవాబు. నా గొంతుతో, స్పష్టంగా, ఇంట్లో అందరూ వింటుండగా రికార్డు చేశాను.

నిజానికి ఆ రోజు తర్వాత అమ్మాయి పెట్టె ముట్టుకోలేదు. ఆ వానాకాలానికి బూజుపట్టి, మెత్తబడి, జిగురు వదిలేసింది. మా అత్తగారు పేరున్న ముక్క కోసి దాచి, మిగతాది పొయ్యిలో పెట్టారు.

మరుసటి ఏడు వానలకి ముందు కబురొచ్చింది. ఆయన నిద్రలోనే పోయారట. అక్కడే మట్టి చేసేశారు. ఆయనతో పనిచేసిన ఆలమూరు ఆయన సెలవుకి వస్తూ సామాను తెచ్చిచ్చారు. అట్టపెట్టెలో. దానిమీద మావారి పేరు, ఊరు, జిల్లా, వేరే ఎవరిదో చేతిరాత. ఆ పెట్టె కొత్త స్లాబు కింద, ఇంకా గచ్చు చెయ్యని నేలమీద రెండ్రోజులుంది. నేను తాడు విప్పలేకపోయాను, అబ్బాయే విప్పాడు.

చొక్కాలు, బైబిలు, షేవింగు సామాను, మేం పంపిన క్యాసెట్లన్నీ ఒక సంచిలో. అడుగున తోలుచెప్పులు. అమ్మాయికి అప్పటికి అయిదు నిండాయి. ఏడవలేదు. చెప్పులు తీసుకుని చూసింది. ఎడమ చెప్పులో బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. దాన్లో తన వేలు పెట్టింది, వంగి మెల్లగా ఊదింది. తర్వాత రెండు చెప్పుల్నీ పెట్టె ముందు జాగ్రత్తగా పక్కపక్కన పెట్టింది.

"ఇవి నాన్నవి" అని మా అందరికీ చెప్పింది.

ఈ పెట్టె కొయ్యడానికి కత్తిపీట తెమ్మని ఎవరూ అడగలేదు. నేను లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ క్యాసెట్టు తీసుకొచ్చి, ఆ చెప్పుల పక్కన పెట్టాను.